రెండు మూడు కీబోర్డులు, ఒకే ఆంప్లిఫయర్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో చర్చి క్వైర్ అయినా, భజన బృందమైనా, పెళ్లి ఆర్కెస్ట్రా అయినా ఒకే ఆంప్ చుట్టూ రెండు మూడు కీబోర్డులు చేరడం మామూలైపోయింది. చేరిన ప్రతిచోటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

ఒక్క ఆంప్‌కి రెండు కీబోర్డులు పెడితే ఆంప్ కాలిపోతుందా?

కాలిపోదు. ఎన్ని కీబోర్డులు వస్తున్నాయన్నది ఆంప్‌కి పట్టదు, తన ఇన్‌పుట్‌లోకి ఎంత సిగ్నల్ వస్తోందన్నదే దానికి లెక్క. సిగ్నల్ మరీ ఎక్కువైతే సౌండ్ పగులుతుంది. అలా పగులుతుండగానే గంటలకొద్దీ వాయిస్తే ముందు పోయేది స్పీకర్, అందులోనూ ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్).

ఆంప్‌కి ఒక్కటే ఇన్‌పుట్ ఉంది. వై కేబుల్‌తో రెండు కీబోర్డులూ కలిపేయొచ్చా?

వద్దు. ఒక ఔట్‌పుట్‌ను రెండు ఇన్‌పుట్‌లకు చీల్చవచ్చు గానీ, రెండు ఔట్‌పుట్‌లను ముడేసి ఒక ఇన్‌పుట్‌లోకి పంపకూడదు. వై కేబుల్ రెండు పనులకూ ఒకేలా కనిపిస్తుంది, తికమకంతా అక్కడే.

కీబోర్డు ఔట్‌పుట్ దగ్గర రెసిస్టెన్స్ తక్కువ. కొన్ని వందల ఓమ్‌ల నుంచి ఒక కిలో ఓమ్ వరకు ఉంటుంది. ఆంప్ ఇన్‌పుట్‌ది 10 కిలో ఓమ్‌ల పైమాటే. రెండు కీబోర్డుల తీగలూ ఒకచోట కలిస్తే, మొదటి కీబోర్డు సిగ్నల్‌కి ఆంప్ కంటే పక్క కీబోర్డు ఔట్‌పుట్టే సులువైన దారి అవుతుంది. రెండోదాని సిగ్నల్ కూడా అలాగే వెనక్కి తిరుగుతుంది. దాంతో సౌండ్ పడిపోతుంది, రెండు చేతులతో గట్టిగా వాయిస్తే బరబరమంటుంది, లోపలి ఔట్‌పుట్ ఐసీ మీద పనికిరాని భారం పడుతుంది. హెడ్‌ఫోన్ జాక్‌లతో ఇలా చేస్తే ఇంకా చేటు, ఎందుకంటే వాటి రెసిస్టెన్స్ మరీ తక్కువ. వై కేబుల్‌తో పని జరిగిపోయిందనే వాళ్లు ఒక్కసారి ఒక పిన్ పీకి వింటే, మిగిలిన కీబోర్డు ఎంత పైకి లేస్తుందో తెలుస్తుంది.

మరి ఏం కొనాలి? మిక్సరా, కీబోర్డ్ ఆంపా?

ఆంప్ ఇప్పటికే ఉంటే చిన్న మిక్సర్ (కొన్ని సిగ్నళ్లను కలిపి ఒకటిగా పంపే పెట్టె) చాలు. కీబోర్డులు మాత్రమే కలపాలంటే బెహ్రింగర్ మైక్రోమిక్స్ ఎంఎక్స్400 లాంటి 4 చానెళ్ల లైన్ మిక్సర్ సరిపోతుంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఒక్కో చానెల్‌కి ఒక్కో వాల్యూమ్ నాబ్ తప్ప బాస్, ట్రెబుల్ ఉండవు. మైకులు కూడా పెట్టాలనుకుంటే యమహా ఎంజీ10 తరహాది చూడండి. అందులో 4 మోనో (ఒకే సిగ్నల్) చానెళ్లు, 3 స్టీరియో (ఎడమ, కుడి విడివిడిగా) చానెళ్లు ఉంటాయి, అంటే మూడు కీబోర్డులు స్టీరియోలో పెట్టినా నాలుగు మైకులకు చోటు మిగులుతుంది.

ఆంప్ కూడా కొత్తగా కొనేట్టయితే లోపలే మిక్సర్ ఉండే కీబోర్డ్ ఆంప్‌లు ఉన్నాయి. రోలాండ్ కేసీ-200 అయితే 100 వాట్లు, 4 చానెళ్లు. కేసీ-400కి 150 వాట్లు, 4 చానెళ్లు. మోసుకుపోవడానికి ఒకటే పెట్టె, తీగల గోల తక్కువ. అయినా మా ఓటు విడి మిక్సర్‌కే. ఈరోజు రెండు కీబోర్డులతో మొదలైన బృందానికి ఆరు నెలల్లో రిథమ్ ప్యాడ్, రెండు మైకులు వచ్చి చేరతాయి. అప్పుడు ఆంప్ మార్చడం కంటే మిక్సర్ మార్చడం చవక.

గిటార్ ఆంప్ ఉంది, దాంట్లో పెట్టొచ్చా?

చిన్న సౌండ్‌తో ఇంట్లో సాధనకైతే సరే. గిటార్ ఆంప్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటితే దాదాపు చేతులెత్తేస్తుంది, అందుకే పియానో దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. కింది వైపు ఇంకా కష్టం. 88 కీల కీబోర్డులో అట్టడుగు స్వరం 27.5 హెర్ట్జ్, దాని జోలికి గిటార్ స్పీకర్ పోలేదు. ట్వీటర్ ఉన్న బాస్ ఆంప్ దీనికంటే నయం.

మా గుళ్లో మైక్ సెట్ ఆంప్ ఉంది. మైక్ అని రాసిన దాంట్లో పెడితే భయంకరంగా పగులుతోంది, ఎందుకు?

మైక్ ఇన్‌పుట్ కోరేది మిల్లీవోల్టు అటూ ఇటూ సిగ్నల్. కీబోర్డు పంపేది దానికి కొన్ని వందల రెట్లు. ఆంప్ వాల్యూమ్ ఎంత తగ్గించినా పగులు పోదు, ఎందుకంటే వాల్యూమ్ నాబ్ దాకా రాకముందే మొదటి అంచెలోనే సిగ్నల్ తెగిపోతోంది. వెనకాల ఆక్స్ అనో లైన్ అనో రాసిన సాకెట్ ఉంటుంది, సాధారణంగా 100 మిల్లీవోల్టుల దరిదాపుది. మిక్సర్ ఔట్‌పుట్ అందులోకి ఇవ్వండి. ఆక్స్ సాకెట్ ఆర్‌సీఏ రకమైతే (టీవీ, డీవీడీలకు వాడే ఎరుపు, తెలుపు పిన్నుల రకం) పి-38, అంటే 6.35 మిల్లీమీటర్ల పెద్ద పిన్, నుంచి ఆర్‌సీఏకి మారే కేబుల్ కావాలి.

పనిలో పనిగా స్పీకర్ వైపు కూడా చూడండి. ఈ ఆంప్‌ల వెనక 4, 8, 16 ఓమ్‌ల టెర్మినళ్లతో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని కూడా ఉంటాయి. ఆ రెండూ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హారన్లకు, కాలమ్ స్పీకర్లకు. మామూలు 8 ఓమ్‌ల బాక్సును 100 వోల్టుల టెర్మినల్‌కి తగిలిస్తే ఆంప్‌కో స్పీకర్‌కో ఒకదానికి మూడినట్టే.

ఎన్ని వాట్లు కావాలి?

గదిలో సాధనకు 20 నుంచి 50 చాలు. వందమంది కూర్చునే హాలుకి 100 నుంచి 200 మధ్య చూసుకోండి. ఆరుబయట లెక్క వేరు, అక్కడ సౌండ్ సిస్టమ్ అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

## తీగలు, పిన్నులు

షాపులో ఏ కేబుల్ అని అడగాలి?

కీబోర్డు వెనక లైన్ ఔట్ అని పెద్ద రంధ్రం ఉంటే అది 6.35 మిల్లీమీటర్లది. కౌంటర్లో దాన్ని పి-38 అంటారు. రెండు వైపులా పి-38 మోనో పిన్ ఉన్న షీల్డెడ్ కేబుల్ అడగండి. పిన్ మీద ఒక నల్ల గీత ఉంటే మోనో, రెండు గీతలుంటే స్టీరియో. ఫోన్ ఇయర్‌ఫోన్ సైజుది 3.5 మిల్లీమీటర్లు, దాన్ని ఇ.పి. పిన్ అంటారు.

కేబుల్ లోపల జాలీ అల్లిక ఉండాలి. స్పీకర్ తీగ తెచ్చి దానికే పి-38 పిన్ అతికించి ఇచ్చేవాళ్లున్నారు. పైకి తేడా తెలియదు గానీ, కీబోర్డుకు వాడితే ట్యూబ్‌లైటు, ఫ్యాన్ రెగ్యులేటర్ చేసే శబ్దాలన్నీ స్పీకర్లో వినిపిస్తాయి. అనుమానంగా ఉంటే పిన్ వెనక మూత విప్పి చూడండి. నడుమ ఒక సన్న తీగ, దాని చుట్టూ రాగి జాలీ కనిపిస్తే సరైనదే. ఒకేలాంటి రెండు తీగలు పక్కపక్కన ఉంటే అది స్పీకర్ కేబుల్.

మా కీబోర్డుకు లైన్ ఔట్ లేదు, హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంది. పనికొస్తుందా?

నిక్షేపంగా. చిన్న మోడళ్లలో ఫోన్స్/ఔట్‌పుట్ అని రెండింటికీ కలిపి ఒకే జాక్ ఇస్తారు. యమహా పీఎస్ఆర్-ఇ373లో అది పి-38 సైజు, క్యాసియో సీటీ-ఎస్300లో ఇ.పి. సైజు. పిన్ పెట్టగానే కీబోర్డు సొంత స్పీకర్లు ఆగిపోతాయి, అది లోపం కాదు.

ఆ జాక్ స్టీరియోది కాబట్టి దానివైపు స్టీరియో పిన్, మిక్సర్ వైపు రెండు మోనో పి-38 పిన్నులు ఉన్న కేబుల్ కావాలి. ఆ రెండూ మిక్సర్‌లో ఒక స్టీరియో చానెల్ ఎడమ, కుడి సాకెట్లలోకి వెళ్తాయి. మామూలు మోనో కేబుల్ గుచ్చితే కుడి చానెల్ ఎర్త్‌కి షార్ట్ అవుతుంది. సౌండ్ వస్తూనే ఉంటుంది, కానీ లోపలి చిన్న ఆంప్ షార్ట్‌లో పనిచేస్తూ వేడెక్కుతుంది. హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చేటప్పుడు కీబోర్డు వాల్యూమ్ సగం దగ్గర మొదలుపెట్టండి.

స్టీరియో కేబుల్‌తో నేరుగా మిక్సర్‌కి పెట్టాను. డ్రమ్స్, బాస్ మాయమైపోయి ఎక్కడో గుహలోంచి వచ్చినట్టుంది. కీబోర్డు పాడైందా?

కీబోర్డుకేమీ కాలేదు. మిక్సర్ మోనో చానెల్ లైన్ ఇన్‌పుట్ చాలావాటిలో బ్యాలెన్స్‌డ్ రకం. రెండు గీతల పిన్ గుచ్చగానే కొసమీద వచ్చే సిగ్నల్‌లోంచి నడిమి వలయం మీద వచ్చేదాన్ని అది తీసివేస్తుంది. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో దారిపొడవునా చేరే హోరును వదిలించుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. మీ హెడ్‌ఫోన్ జాక్ కొసమీద ఎడమ చానెల్‌ను, వలయం మీద కుడి చానెల్‌ను పంపుతోంది. ఎడమలోంచి కుడి తీసేస్తే రెండింట్లో సమానంగా ఉన్నదంతా సున్నా అవుతుంది. బాస్, కిక్ డ్రమ్, లీడ్ వాయిస్ సాధారణంగా నట్టనడుమ ఉంటాయి కాబట్టి మొదట పోయేవి అవే. మిగిలేది అంచుల్లో తిరిగే రివర్బ్, కోరస్. ఆ గుహ శబ్దం అదే. పిన్‌ను సగం బయటికి లాగితే సౌండ్ బాగుపడినట్టు అనిపిస్తే ఇదే జబ్బు అని ఖాయం చేసుకోండి. స్టీరియో పిన్ నుంచి రెండు మోనో పిన్నులుగా చీలే కేబుల్ వేస్తే పోతుంది.

ఎల్/మోనో, ఆర్ అని రెండు ఔట్‌పుట్‌లున్నాయి. రెండూ పెట్టాలా?

చివర ఉన్నది ఒకే స్పీకర్ అయితే ఎల్/మోనో ఒక్కటి చాలు. ఆర్ ఖాళీగా ఉందని గమనించి కీబోర్డు తానే రెండు చానెళ్లనూ ఒకటి చేసి పంపుతుంది. ఆర్ ఒక్కదాన్నే పెడితే సగం సౌండే వస్తుంది. ఆటో రిథమ్‌లో కొన్ని వాయిద్యాలు వినపడడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మిక్సర్‌కి డబ్బుల్లేవు. సొంతంగా చిన్నది చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కరెంటు కూడా అక్కర్లేదు. రెండు కీబోర్డులకు కావలసినవి: పి-38 మోనో సాకెట్లు 3, పావు వాట్ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు 2, చిన్న ఇనుప లేదా అల్యూమినియం డబ్బా, అర మీటరు షీల్డెడ్ తీగ.

ప్రతి ఇన్‌పుట్ సాకెట్ కొస టెర్మినల్ నుంచి ఒక రెసిస్టర్ వేయండి. రెండు రెసిస్టర్ల అవతలి కొసలు కలిపి ఔట్‌పుట్ సాకెట్ కొసకి టంకం వేయండి. మూడు సాకెట్ల ఎర్త్‌లూ కలిపి డబ్బాకు తగిలించండి. ప్లాస్టిక్ డబ్బా అయితే హోరు పట్టుకుంటుంది. మూడో కీబోర్డుకు ఇంకో సాకెట్, ఇంకో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అంతే. ఈ రెసిస్టర్ల వల్ల ఒక కీబోర్డు సిగ్నల్ రెండోదాని ఔట్‌పుట్‌లోకి దూరదు.

సౌండ్ తగ్గడం మాత్రం తప్పదు. ఆంప్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ వందల కిలో ఓమ్‌లలో ఉంటే రెండు కీబోర్డులకు 6 డెసిబెల్స్, మూడింటికి 9.5, నాలుగింటికి 12 తగ్గుతుంది. ఆంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లే అయితే రెండింటికే 9.5 పోతుంది. ఈ డబ్బాలో వాల్యూమ్ నాబ్‌లు లేవు కాబట్టి ఎవరి సౌండ్ వాళ్లు కీబోర్డు మీదే సర్దుకోవాలి. ఒక పిన్ పీకితే మిగతావాటి సౌండ్ అమాంతం పెరుగుతుంది, కచేరీ మధ్యలో పీకకండి. లైన్ ఔట్ ఉన్న కీబోర్డులకే ఇది సులువు. స్టీరియో హెడ్‌ఫోన్ జాక్‌కి అయితే ఎడమకొకటి, కుడికొకటి చొప్పున రెండేసి రెసిస్టర్లు కావాలి.

రెండు కీబోర్డులను మిడి కేబుల్‌తో కలిపితే ఆడియో కేబుల్ ఒక్కటి చాలదా?

మిడి తీగలో సౌండ్ పోదు. ఏ కీ ఎంత గట్టిగా నొక్కారన్న సమాచారమే పోతుంది. పై కీబోర్డు మీద వాయిస్తూ కింది కీబోర్డు స్వరాలు పలికించాలంటే మిడి ఉపయోగమే, అప్పుడు కింది దానికి ఆడియో కేబుల్ ఉంటే చాలు. రెండింటి సౌండూ కావాలంటే రెండింటికీ ఆడియో కేబుల్ ఉండాల్సిందే.

కీబోర్డు నుంచి మిక్సర్‌కి కేబుల్ ఎంత పొడవు ఉండొచ్చు?

6 మీటర్ల లోపు పెట్టుకోండి. అంతకు మించితే డీఐ బాక్స్ (సిగ్నల్‌ను పొడవైన తీగకు తగ్గట్టు బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె) వేసి కెనన్ కేబుల్‌తో (మైకులకు వాడే మూడు పిన్నులది) తీసుకెళ్లాలి. మిక్సర్‌ను వాయించేవాళ్ల పక్కనే పెట్టుకుంటే ఈ సమస్యే రాదు.

## సౌండ్ సర్దేటప్పుడు

ముందు ఏది ఆన్ చేయాలి?

కీబోర్డులు, మిక్సర్, చివరగా ఆంప్. ఆపేటప్పుడు ఆంప్ మొదట. తారుమారైతే స్పీకర్లో ఢబ్బుమంటుంది, ఆ దెబ్బ తగిలేది స్పీకర్ కోన్‌కి.

వాల్యూమ్ నాబ్‌లు మూడు చోట్ల ఉన్నాయి. ఏది ఎంత పెట్టాలి?

ఆంప్ సున్నాలో ఉంచి మొదలుపెట్టండి. లైన్ ఔట్ ఉన్న కీబోర్డు వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టండి. మరీ తక్కువ పెట్టి మిక్సర్‌లో లాగితే సన్నని సుయ్యిమనే శబ్దం కూడా దాంతోపాటే పెరుగుతుంది. ఆ కీబోర్డులో మీరు వాడే అన్నిటికన్నా పెద్ద సౌండ్, బ్రాస్ అయినా ఆర్గన్ అయినా, పెట్టి రెండు చేతులతో కార్డ్ నొక్కండి. మిక్సర్ చానెల్ 0 గుర్తు దగ్గర ఉంచి, పీక్ లైటు (సిగ్నల్ మితిమీరబోతుంటే వెలిగేది) మినుకుమనే దాకా గెయిన్ (చానెల్ మొదట్లోనే సిగ్నల్‌ను పెంచే నాబ్) పెంచి కాస్త వెనక్కి తిప్పండి. ప్రతి కీబోర్డుకూ విడిగా ఇదే చేసి, అందరూ కలిసి వాయిస్తుండగా మెయిన్ మీటర్ 0 దగ్గర ఆడేలా చూసుకుని, అప్పుడు ఆంప్ పెంచండి.

విడివిడిగా వాయిస్తే బాగానే ఉంది. అందరూ కలిసేసరికి పగులుతోంది.

రెండు వేర్వేరు సౌండ్లు సమాన స్థాయిలో కలిస్తే మొత్తం సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగైతే 6. ఆ పెరుగుదలకు చోటు వదలలేదన్నమాట. చానెళ్లన్నీ కొద్దికొద్దిగా తగ్గించి ఆంప్ వైపు పెంచుకోండి.

పగులు లేదు గానీ అంతా గజిబిజిగా ఉందంటే అది లెవెల్ తప్పు కాదు, ముగ్గురూ ఎడమ చేత్తో బాస్ వాయిస్తున్నారు. బాస్ ఒక్కరికే వదిలేసి మిగతా చానెళ్లలో లో నాబ్ తగ్గించండి. రివర్బ్ కూడా కీబోర్డుల్లో కట్టేసి, మిక్సర్‌లో ఉంటే అక్కడ కొంచెం పెట్టండి.

## హోరు, షాకు

ఏమీ వాయించకపోయినా గుయ్యిమంటోంది.

ఒక్కో కేబుల్ మిక్సర్ దగ్గర పీకుతూ రండి. ఏది పీకితే హోరు ఆగిందో దొంగ అక్కడున్నాడు. అది బ్యాటరీలతోనూ నడిచే చిన్న కీబోర్డయితే అడాప్టర్ తీసి పెన్సిల్ సెల్స్‌తో నడపండి, హోరు పోతే తప్పు అడాప్టర్‌ది. అడాప్టర్లు తారుమారు కాకుండా పేరు రాసి అతికించండి. క్యాసియో చిన్న మోడళ్లకు 9.5 వోల్టులు, యమహా చాలావాటికి 12 వోల్టులు.

మూడు పిన్నుల ప్లగ్ ఉన్న సింథో, చార్జర్ పెట్టిన ల్యాప్‌టాపో కలిసినప్పుడే హోరు వస్తుంటే అది ఎర్త్ లూప్. స్టేజీకి ఒక పక్క సాకెట్ నుంచి కీబోర్డులు, ఇంకో పక్క సాకెట్ నుంచి ఆంప్ కరెంటు తీసుకుంటే రెండు ఎర్త్‌ల మధ్య చిన్న తేడా ఉంటుంది. ఆ తేడా ఆడియో కేబుల్ జాలీ గుండా ప్రవహించి 50 హెర్ట్జ్ హోరుగా వినిపిస్తుంది. అన్నిటికీ ఒకే సాకెట్ నుంచి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు ద్వారా కరెంటు ఇవ్వండి, చాలాసార్లు అక్కడితో సరి. కీబోర్డులు, మిక్సర్ కలిపినా మహా అయితే వంద వాట్లు, 6 ఆంపియర్ల సాకెట్‌కి అది లెక్కలోది కాదు. ఇంకా వస్తే ఆ పరికరానికి డీఐ బాక్స్ పెట్టి, ఆడియో తీగ ఎర్త్‌ను విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయండి.

ఎర్త్ పిన్ విరగ్గొడితే హోరు పోతుందట, నిజమేనా?

పోతుంది. ఆంప్ లోపల ఏదైనా తీగ బాడీకి తగిలిన రోజు 230 వోల్టులు మైక్ పట్టుకున్న మనిషి మూతికి వస్తాయి. చేయకండి.

కీబోర్డు ఇనుప భాగం ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది.

రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిచేవాటికి లీకేజీ వల్ల సన్నని జివ్వు ఉంటుంది, ఎర్త్ ఉన్న ఆంప్‌కి కలపగానే పోతుంది. కలిపాక కూడా ఉన్నా, గట్టిగా కొట్టినా వాయించడం ఆపి మెయిన్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీటరుతో చూస్తే ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య 230 దరిదాపు, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. చవితి పందిళ్లలో జనరేటర్ మీద నడిపేటప్పుడు ఎర్త్ కడ్డీ పాతారో లేదో ముందే అడగండి.

## హాల్లో, బీచ్‌లో

గురజాడ కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో మా మిక్సర్ నుంచి వాళ్ల సిస్టమ్‌కి ఎలా ఇవ్వాలి?

మీ మిక్సర్ మెయిన్ ఔట్ నుంచి రెండు డీఐ బాక్సులు, అక్కడి నుంచి కెనన్ కేబుళ్లు వాళ్ల స్టేజీ బాక్సులోకి. సౌండ్ ఆపరేటర్ ఒక్కో కీబోర్డూ విడిగా కావాలంటే విడిగానే ఇవ్వండి, హాలు మధ్యలో కూర్చునే ఆయనకే బ్యాలెన్స్ బాగా తెలుస్తుంది. డీఐ లేకుండా పి-38 నుంచి కెనన్‌కి మారే కేబుల్ వేస్తే మాత్రం ఆ చానెల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని రకాల మైకుల కోసం మిక్సర్ కేబుల్‌లోనే పంపే కరెంటు) ఆపారని నిర్ధారించుకోండి. ఆ వోల్టేజీ కీబోర్డు ఔట్‌పుట్‌లోకి వెనక్కి రావచ్చు.

రాత్రి ఎంతవరకు వాయించుకోవచ్చు?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 10కి ముందైనా అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

కొన్న ఏడాదికే జాక్‌లు కరకరమంటున్నాయి. నాసిరకం సరుకు అంటగట్టారా?

కాకపోవచ్చు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వైపు ఇళ్లలో ఉప్పుగాలికి పిన్నుల పూత నల్లబడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పిన్ మీద వేసి, కరెంటు ఆపి, సాకెట్‌లో పది పన్నెండుసార్లు తోసి తీయండి. కొబ్బరినూనె, కిరోసిన్ వద్దు, దుమ్మును పట్టి ఉంచుతాయి. వాడని సాకెట్లకు రబ్బరు మూతలు, సంచిలో సిలికా జెల్ పొట్లాలు పెట్టండి.

ఆర్కే బీచ్‌లో ప్రోగ్రాం. ఏసీ కారులోంచి దింపి పెట్టగానే కీలు కొన్ని పలకలేదు, అరగంటకు వాటంతట అవే బాగయ్యాయి. ఏమై ఉంటుంది?

చల్లటి పెట్టెకు తేమగాలి తగిలి లోపల చెమ్మ పట్టింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే. కీల కింద ఉండే రబ్బరు కాంటాక్టుల మీద ఆ చెమ్మ చేరితే కొన్ని పలకవు, కొన్ని ఆగకుండా పలుకుతాయి. దింపాక సంచి జిప్పు తీయకుండా అరగంట నీడలో ఉంచి, బయటి వేడికి వచ్చాక తెరిచి అప్పుడు అడాప్టర్ పెట్టండి.